పాప్ అప్ అయ్యిందా, చేశారా? ఫోన్ రివ్యూల్లో మనం మార్చుకోవాల్సిన ఒక మాట

ఏ బడ్జెట్ ఫోన్ రివ్యూ అయినా తీసుకోండి. డిస్‌ప్లే, ప్రాసెసర్, కెమెరా అన్నీ అయ్యాక సాఫ్ట్‌వేర్ దగ్గరకు వచ్చేసరికి ఒక వాక్యం కచ్చితంగా ఉంటుంది: “యూఐ నీట్‌గా ఉంది, కాకపోతే అప్పుడప్పుడు యాడ్స్ పాప్ అప్ అవుతుంటాయి.” అంతే. తర్వాతి పేరాలో బ్యాటరీ మొదలు. సున్నా నుంచి 100 శాతం ఛార్జింగ్‌కి ఎన్ని నిమిషాలు పట్టిందో లెక్కపెట్టి చెప్పే రివ్యూ, ఆ యాడ్ ఏ యాప్ నుంచి వచ్చిందో, ఎప్పుడు వచ్చిందో, ఆపే దారి ఉందో లేదో మాత్రం చెప్పదు.

యాడ్స్ గురించి గోల పెట్టడం కొత్తేమీ కాదు, అందరూ పెడుతున్నదే. నా గోల వేరు. ఆ వాక్యం చివర ఉన్న “అవుతుంటాయి” అనే మాట మీద. వర్షం పడుతుంటుంది, కరెంట్ పోతుంటుంది, యాడ్స్ పాప్ అప్ అవుతుంటాయి. వినడానికి మూడూ ఒకేలా లేవూ? ఎవరి చేతిలోనూ లేని వ్యవహారంలా?

పాప్ అప్ అనే ఇంగ్లీష్ మాటలోనే ఈ తిరకాసు ఉంది. ముందు దాని సంగతి చూద్దాం, తర్వాత ఫోన్‌లోకి వెళ్దాం.

అసలు ఈ మాటకు అర్థం ఏంటి?

“పాప్” అంటే మొదట ఒక చిన్న శబ్దం. సీసా మూత ఊడినప్పుడు, మొక్కజొన్న గింజ పేలినప్పుడు వచ్చేది. పాప్‌కార్న్‌కి ఆ పేరు అందుకే. దానికి “అప్” తగిలిస్తే ఉన్నట్టుండి పైకి లేవడం, అప్పటిదాకా లేనిది టక్కున కనబడటం. పేజీ తిప్పగానే బొమ్మ లేచి నిలబడే పిల్లల పుస్తకం పాప్ అప్ బుక్. నాలుగు రోజులుండి మాయమయ్యే కొట్టు పాప్ అప్ షాప్. బ్రెడ్ కాలగానే పైకి తన్నే టోస్టర్ పాప్ అప్ టోస్టర్. చార్లెస్ స్ట్రైట్ అనే అమెరికన్‌కి 1921లో దాని మీద పేటెంట్ వచ్చింది.

అనుకోకుండా కనబడటానికి ఇంగ్లీష్‌లో ఇలాంటి మాటలు ఇంకొన్ని ఉన్నాయి. అన్నీ ఒకటే అనుకుని వాడేస్తాం కానీ తేడాలున్నాయి.

షో అప్ అంటే రావాల్సిన చోటికి మనిషి రావడం. “మీటింగ్‌కి వాడు షో అప్ అవ్వలేదు” అంటే వస్తాడని అందరూ ఎదురుచూశారన్నమాట.

టర్న్ అప్ కొంచెం వదులుగా ఉంటుంది. చెప్పాపెట్టకుండా చుట్టాలొచ్చినా టర్న్ అప్పే, పోయిందనుకున్న ఇయర్‌బడ్ వారం తర్వాత సోఫా సందులో దొరికినా టర్న్ అప్పే. వాల్యూమ్ పెంచడానికీ ఇదే మాట వాడతారు, కాకపోతే అక్కడ పెంచే వస్తువు పేరు కూడా చెబుతారు.

క్రాప్ అప్ ఎక్కువగా సమస్యలకు. రిలీజ్ రోజు ఇష్యూ క్రాప్ అప్ అవుతుంది. మన తెలుగులో “సమస్య తలెత్తింది” అంటాం చూడండి, సరిగ్గా అదే.

పాప్ అప్ వీటన్నిటికంటే వేగం. ఇందులో టక్కుమనే గుణం ఉంది. తెలుగులో దీనికి నాకు తట్టే దగ్గరి మాట “ఊడిపడటం”. “నువ్వెక్కడ ఊడిపడ్డావురా?” అంటాం. పిలవలేదు, అనుకోలేదు, ఎటునుంచి వచ్చాడో తెలీదు, ఎదురుగా ఉన్నాడు. ఒకేసారి బోలెడన్ని వస్తే “పుట్టగొడుగుల్లా పుట్టుకొచ్చాయి” అంటాం. మనిషి మీద చిరాకుంటే “దాపురించాడు”. ఫుల్ స్క్రీన్ యాడ్‌కి ఈ మూడోది బాగా నప్పుతుంది.

ఈ ఇంగ్లీష్ మాటలన్నిటికీ ఒక ఉమ్మడి లక్షణం ఉంది. కనబడటం అనే అర్థంలో వాడినప్పుడు వీటికి కర్మ ఉండదు. అంటే “ఫలానా వాళ్లు ఫలానా దాన్ని పాప్ అప్ చేశారు” అని ఇంగ్లీష్‌లో మామూలుగా అనరు. వస్తువే కర్త, దానంతట అదే వచ్చినట్టు. పాసివ్‌లో పెట్టడానికీ కుదరదు.

ఐటీలో ఉన్నవాళ్లకి ఒక వాక్యం బాగా పరిచయం. బగ్ టికెట్లలో తరచూ కనబడుతుంది: “యాన్ ఎర్రర్ వాజ్ పాప్డ్ అప్.” గ్రామర్ ప్రకారం తప్పు. “యాన్ ఎర్రర్ పాప్డ్ అప్” అనాలి. చాలామంది దీన్ని చూసి నవ్వుతారు. నాకైతే ఆ తప్పు వాక్యంలో ఒక నిజం కనబడుతుంది. దాన్ని రాసిన టెస్టర్ మనసులో “దీన్ని ఎవరో చూపించారు” అనే ఆలోచన ఉంది. ఇంగ్లీష్ గ్రామర్‌లో దానికి చోటు లేదు, అంతే.

తెలుగులో ఆ చోటు ఉంది

మనం ఇంగ్లీష్ క్రియని తెలుగులోకి తెచ్చుకున్నప్పుడల్లా దాని వెనక రెండిట్లో ఒకటి తగిలించాలి. అవ్వడం లేదా చేయడం. డౌన్‌లోడ్ అయ్యింది, డౌన్‌లోడ్ చేశాను. డిలీట్ అయ్యింది, డిలీట్ చేశాడు. ఆలోచించకుండానే ఎంచుకుంటాం, కానీ ఎంపిక మాత్రం ప్రతిసారీ జరుగుతుంది. తమ్ముడు మన ఫొటోలు పోగొట్టినప్పుడు “డిలీట్ అయిపోయాయి అన్నయ్యా” అంటాడు. “అయిపోయాయా, చేశావా?” అని మనం వెంటనే నిలదీస్తాం. ఆ రెండు మాటల మధ్య బాధ్యత అంతా ఉందని ఇంట్లో చిన్నపిల్లలకి కూడా తెలుసు.

మరి యాడ్ దగ్గరకు వచ్చేసరికి ఆ ప్రశ్న ఎందుకు అడగం? “పాప్ అప్ అయ్యింది” అంటారు, సరే అనుకుంటాం. ఇంగ్లీష్ మాటలో ఉన్న “దానంతట అదే” అనే రంగుని మన “అవ్వడం” ఇంకాస్త చిక్కన చేస్తుంది. “చేశారు” అనే వీలు మన భాషలో సిద్ధంగా ఉన్నా వాడుకోవట్లేదు.

మొదటి పాప్ అప్‌ని కూడా ఎవరో రాశారు

వెబ్‌లో పాప్ అప్ యాడ్ ఎలా పుట్టిందో తెలిస్తే ఈ విషయం ఇంకా స్పష్టమవుతుంది. 1990ల్లో ట్రైపాడ్ అనే సైట్ ఉండేది. ఎవరైనా ఫ్రీగా సొంత పేజీ పెట్టుకోవచ్చు, ఆ పేజీల మీద యాడ్స్ వేసి కంపెనీ డబ్బులు సంపాదిస్తుంది. ఒకరోజు ఒక పెద్ద కార్ల కంపెనీ తన యాడ్ ఓ అశ్లీలమైన పేజీ మీద పడిందని గొడవ చేసింది. అప్పుడు అక్కడ పనిచేస్తున్న ఈథన్ జకర్‌మన్ ఒక ఉపాయం ఆలోచించాడు. యాడ్‌ని పేజీలో కాకుండా వేరే విండోలో తెరిస్తే రెండిటికీ సంబంధం ఉన్నట్టు కనబడదు కదా? ఆ విండోని తెరిచే కోడ్ రాశాడు. 2014లో ది అట్లాంటిక్ పత్రికలో రాసిన వ్యాసంలో ఆయన ఈ కథంతా చెప్పి, క్షమాపణ కూడా అడిగాడు.

చూడండి, పాప్ అప్ యాడ్ పుట్టుకలోనే ఉద్దేశం ఏంటో. యాడ్‌కీ, దాని పక్కనున్న విషయానికీ సంబంధం తెంపడం. “ఇది ఎక్కడి నుంచి వచ్చిందో” కనబడకుండా చేయడం. అప్పుడది కార్ల కంపెనీ పరువు కోసం. ఇప్పుడు అదే అస్పష్టత ఫోన్ కంపెనీకీ, యాప్ కంపెనీకీ పనికొస్తోంది.

తర్వాత కథ తెలిసిందే. విండో మీద విండో తెరుచుకుని జనం విసిగిపోయారు. ఒపెరా, మొజిల్లా లాంటి బ్రౌజర్లు బ్లాకర్లు పెట్టాయి. 2004లో విండోస్ ఎక్స్‌పీ సర్వీస్ ప్యాక్ 2తో ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌లో కూడా బ్లాకర్ వచ్చింది. ఆ బ్లాకర్ల లాజిక్ సింపుల్: యూజర్ క్లిక్ చేస్తే తెరుచుకున్న విండో ఓకే, క్లిక్ లేకుండా తెరుచుకుంటే ఆపెయ్. అంటే బ్రౌజర్లు మనం అడగాల్సిన ప్రశ్ననే అడిగాయి. ఇది ఎవరి కోరిక మీద వచ్చింది?

సైట్లు ఊరుకుంటాయా? కొత్త విండో తెరవడం మానేసి, అదే పేజీ లోపల మొత్తాన్ని కప్పేసే బాక్స్ వేయడం మొదలుపెట్టాయి. “మా న్యూస్‌లెటర్‌కి సబ్‌స్క్రైబ్ చేయండి” అని మొహం మీదకు వచ్చేది అదే. పాత బ్లాకర్‌కి అది పాప్ అప్పే కాదు. మనకి మాత్రం తేడా ఏమీ లేదు.

మీ ఫోన్‌లో ఊడిపడే దారులు

కోడ్ రాసే పనిలో ఉన్నాను కాబట్టి ఒక మాట గట్టిగా చెప్పగలను: ఫోన్ స్క్రీన్ మీద ఏదీ దానంతట అది రాదు. ఆండ్రాయిడ్‌లో ప్రధానంగా నాలుగు దారులున్నాయి. ప్రతి దారిలోనూ ఎవరో ఒకరు “ఇప్పుడు చూపించు” అని రాసి ఉంటారు.

ఒకటి, పైనుంచి జారే నోటిఫికేషన్. హెడ్స్ అప్ అంటారు, 2014లో ఆండ్రాయిడ్ 5.0తో వచ్చింది. నోటిఫికేషన్ మామూలుగా పైన ఐకాన్‌గా కూర్చోవచ్చు, లేదా మీరు చూస్తున్న వీడియో మీదకు దిగొచ్చు. ఈ రెండిటి మధ్య ఎంపిక మొదట డెవలపర్‌ది. 2017లో ఆండ్రాయిడ్ 8.0తో నోటిఫికేషన్ చానల్స్ వచ్చాక, ప్రతి చానల్‌కీ ప్రాధాన్యం ఎంతో కోడ్‌లో చెప్పాలి. “హై” అని పెడితేనే స్క్రీన్ మీదకు దిగుతుంది. ఫుడ్ యాప్ “ఆకలేస్తోందా?” అని మీ మీదకు దిగిందంటే, ఆ జోక్‌ని ఆర్డర్ అప్‌డేట్ అంత ముఖ్యంగా చూపించాలని ఆ ఆఫీసులో ఎవరో నిర్ణయించారు. మంచి విషయం ఏంటంటే, చానల్ ఒకసారి తయారయ్యాక యాప్ దాని ప్రాధాన్యాన్ని సొంతంగా పెంచుకోలేదు. మార్చే అధికారం మీది. ఆ నోటిఫికేషన్‌ని నొక్కి పట్టుకుంటే సెట్టింగ్ కనబడుతుంది. ప్లెయిన్ ఆండ్రాయిడ్‌లో ఆ స్విచ్ పేరే “పాప్ ఆన్ స్క్రీన్”.

రెండు, వేరే యాప్‌ల మీద తేలే పర్మిషన్. “డిస్‌ప్లే ఓవర్ అదర్ యాప్స్” అని సెట్టింగ్స్‌లో ఉంటుంది. చాట్ బుడగలు, కాలర్ ఐడీ కార్డులు దీని మీద నడుస్తాయి. ఫోన్ కాల్ అయిపోగానే మొత్తం స్క్రీన్ మీద యాడ్ పరిచే యాప్‌లు కూడా దీన్ని వాడుకోగలవు. ఆండ్రాయిడ్ 6.0 నుంచి సెట్టింగ్స్‌లోకి వెళ్లి యూజరే దీన్ని ఆన్ చేయాలి. అందుకే కొన్ని యాప్‌లు మొదటిసారి తెరవగానే దీనికోసం బతిమాలతాయి.

మూడు, వెనకాల ఉన్న యాప్ ఉన్నట్టుండి ముందుకొచ్చి తన పేజీ తెరవడం. ఒకప్పుడు ఇది విచ్చలవిడిగా సాగింది. టార్చ్ యాప్ వేసుకున్న పాపానికి, రోజంతా ఏం చేస్తున్నా యాడ్ పేజీలు. 2019లో ఆండ్రాయిడ్ 10 దీనికి గట్టి కళ్లెం వేసింది. ఫుల్ స్క్రీన్ నోటిఫికేషన్ అనే ఇంకో సందు మిగిలింది. 2023లో వచ్చిన ఆండ్రాయిడ్ 14 దాన్ని కూడా కాల్స్, అలారం యాప్‌లకే పరిమితం చేసే దిశగా బిగించింది.

నాలుగు, యాప్ లోపలి బాక్సులు. “రేటింగ్ ఇవ్వండి”, “ప్రీమియం తీసుకోండి”, “నోటిఫికేషన్లు ఆన్ చేయండి”. వీటిలో చివరిదాని వెనక తెలివి చూడండి. 2022లో ఆండ్రాయిడ్ 13 నుంచి నోటిఫికేషన్లు పంపాలంటే యాప్ మీ అనుమతి అడగాలి. రెండుసార్లు వద్దంటే సిస్టమ్ ఆ ప్రశ్నని మళ్లీ చూపించదు. అందుకని కొన్ని యాప్‌లు ముందు తమ సొంత బాక్స్ చూపిస్తాయి. అందులో రెండే బటన్లు: “అలో”, “తర్వాత”. “వద్దు” అనే బటన్ ఉండదు. “తర్వాత” నొక్కితే అసలు ప్రశ్న మిగిలే ఉంటుంది, రేపు మళ్లీ అడగొచ్చు. ఆ బటన్ మీద ఏ మాట ఉండాలో కూర్చుని ఆలోచించినవాళ్లు ఉన్నారు. అది పాప్ అప్ “అవ్వడం” ఎలా అవుతుంది?

నిజం చెప్పిన పాప్ అప్

ఈ మాటకి మంచి రోజులు కూడా ఉన్నాయి. 2018, 2019 గుర్తున్నాయా? నాచ్ లేని ఫుల్ స్క్రీన్ కోసం సెల్ఫీ కెమెరాని ఫోన్ లోపల దాచేసి, అవసరమైనప్పుడు మోటర్‌తో పైకి లేపిన కాలం. వివో నెక్స్, వివో వీ15 ప్రో, వన్‌ప్లస్ 7 ప్రో, రెడ్‌మీ కే20 ప్రో. ఫ్రెండ్స్‌కి చూపించడానికే పది సార్లు సెల్ఫీ మోడ్ ఆన్ చేసేవాళ్లు. ఫోన్ చేతిలోంచి జారితే కిందపడేలోపు కెమెరా లోపలికి వెళ్లిపోయే ఫీచర్ వన్‌ప్లస్ పెట్టింది.

ఆ డిజైన్ ఎక్కువ కాలం నిలవలేదు. మోటర్ చోటు తింటుంది, దుమ్ము, నీళ్ల నుంచి కాపాడటం కష్టం, పంచ్ హోల్ వచ్చాక అవసరమూ తగ్గింది. కానీ ఆ కొద్ది కాలంలో ఒక తమాషా జరిగింది. 2018లో వివో నెక్స్ కొన్న చైనా యూజర్లు ఒకటి గమనించారు. సెల్ఫీ తీయకపోయినా, కొన్ని యాప్‌లు తెరవగానే కెమెరా పైకి లేస్తోంది. టెన్సెంట్ వాళ్ల క్యూక్యూ బ్రౌజర్ పేరు గట్టిగా వినబడింది. రికార్డింగ్ ఏమీ చేయలేదని కంపెనీ వివరణ ఇచ్చింది. అదలా ఉంచితే, మిగతా ఫోన్లలో ఎవరికీ కనబడని పని, ఈ ఫోన్‌లో కెమెరా లేచి నిలబడి మరీ చూపించింది.

అదీ పాప్ అప్ అంటే. ఏ యాప్ తెరిస్తే లేచిందో కళ్లముందు ఉంది, ఎవరిని అడగాలో తెలుసు. తర్వాత 2020లో ఐఓఎస్ 14, 2021లో ఆండ్రాయిడ్ 12 కెమెరా, మైక్ వాడుతున్నప్పుడు స్క్రీన్ మూలన చుక్క చూపించడం మొదలుపెట్టాయి. మోటర్ చేసిన పనినే ఇప్పుడు ఆ చుక్క చేస్తోంది.

ఇంట్లోవాళ్ల ఫోన్ సంగతి

ఇదంతా మాటల గారడీ, యాడ్ వస్తే క్లోజ్ చేసుకుంటే పోలా అని మీకు అనిపించొచ్చు. మీకు, నాకు అది సరిపోతుంది. మన వేలు ఆ చిన్న ఇంటూ గుర్తుని చీకట్లో కూడా వెతుక్కుంటుంది. అమ్మ ఫోన్, నాన్న ఫోన్, తాతయ్య ఫోన్ గురించి ఆలోచించండి.

వాళ్లకి ఫోన్ స్క్రీన్ మీద వచ్చేవన్నీ ఫోన్ చెప్పినట్టే. “ఫోన్‌లో ఏదో వచ్చింది, నొక్కాను” అంటారు. ఆ వాక్యంలో పంపినవాడు లేడు. “మీ ఫోన్‌లో వైరస్ ఉంది, వెంటనే క్లీన్ చేయండి” అని ఎర్ర అక్షరాలతో వస్తే, చెప్పింది ఫోనే కదా అని నమ్ముతారు. నిజానికి దాని వెనక ఉండేది చాలాసార్లు ఏదో సైట్. “మీరు రోబో కాదని నిరూపించడానికి అలో నొక్కండి” అని సైట్ అడుగుతుంది. నొక్కితే జరిగేది, ఆ సైట్‌కి నోటిఫికేషన్లు పంపే హక్కు ఇవ్వడం. ఇక సైట్ మూసేసినా క్రోమ్ ద్వారా వైరస్ కబుర్లు, లాటరీ కబుర్లు, లోన్ కబుర్లు వస్తూనే ఉంటాయి. వాటిలో ఒక్కటి నొక్కి, అక్కడ అడిగిన యాప్ వేసుకుంటే, తర్వాత పోయేది బ్యాంక్ బ్యాలెన్స్.

అందుకే ఇంట్లోవాళ్లకి “ఏది పడితే అది నొక్కకు” అని వందసార్లు చెప్పేకంటే ఒక్క ప్రశ్న నేర్పడం మేలు: “ఇది ఎవరు పంపారు?” నోటిఫికేషన్ పైన యాప్ పేరు ఉంటుంది, చూడమనండి. క్రోమ్ అని ఉంటే కింద సైట్ పేరు కూడా కనబడుతుంది. ఫుల్ స్క్రీన్ యాడ్ వస్తే రీసెంట్ యాప్స్ బటన్ నొక్కి, దాని మీద ఏ యాప్ ఐకాన్ ఉందో చూడమనండి. క్రోమ్ సెట్టింగ్స్‌లో సైట్ సెట్టింగ్స్, అందులో నోటిఫికేషన్స్ తెరిచి, తెలియని సైట్లన్నీ మీరే ఓసారి తీసేయండి. ఆండ్రాయిడ్ 11 నుంచి నోటిఫికేషన్ హిస్టరీ ఉంది. దాన్ని ఆన్ చేసి ఉంచితే తుడిచేసిన నోటిఫికేషన్ ఎవరిదో కూడా తర్వాత చూసుకోవచ్చు. డబ్బు పోతే ఆలస్యం చేయకుండా 1930కి కాల్ చేయాలని వాళ్ల ఫోన్‌లో నంబర్ సేవ్ చేసి పెట్టండి.

పంపినవాడు ఉన్నాడని తెలిసిన మనిషి ఓ క్షణం ఆగుతాడు. దానంతట అదే వచ్చిందనుకునే మనిషి ఆగడు. ఒక మాటకీ ఇంకో మాటకీ మధ్య ఇంత ఉంది.

అనుకోకుండా రావాల్సినవీ ఉంటాయి

న్యాయంగా ఒకటి ఒప్పుకోవాలి. ఉన్నట్టుండి కనబడటమే తప్పు అంటే ఫోన్ పనికిరాదు. కాల్ అనుకోకుండానే వస్తుంది. ఓటీపీ టక్కున పైకి రావాలి. బ్యాటరీ 5 శాతానికి పడిపోతే మన సినిమాకి అడ్డం వచ్చినా చెప్పాల్సిందే.

2023లో దేశమంతా విడతలుగా జరిగిన ఎమర్జెన్సీ అలర్ట్ టెస్ట్ మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. ఆఫీసుల్లో, క్లాసుల్లో ఫోన్లన్నీ ఒక్కసారి గీ పెట్టాయి, జనం ఉలిక్కిపడ్డారు. అంతకంటే అనుకోని పాప్ అప్ ఇంకోటి ఉండదు. కానీ ఆ మెసేజ్ చదివితే అందులో అన్నీ ఉన్నాయి. ఇది టెస్ట్ మెసేజ్ అని, కేంద్ర టెలికాం శాఖ పంపిందని, మీరు ఏమీ చేయక్కర్లేదని. ఎవరు, ఎందుకు, ఇప్పుడేం చేయాలి. మూడు ప్రశ్నలకీ జవాబు ఉంది. తుఫాన్ హెచ్చరిక ఊడిపడితే ఎవరికీ కోపం రాదు. ఊరూ పేరూ లేకుండా ఊడిపడే వాటితోనే పేచీ.

ప్రభుత్వం కూడా ఈ దిశలో ఒక అడుగు వేసింది. వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2023 నవంబర్‌లో డార్క్ ప్యాటర్న్స్ మీద మార్గదర్శకాలు తెచ్చింది. మొత్తం 13 రకాలు పేర్కొంది. “తర్వాత” బటన్‌తో పదేపదే విసిగించడం అందులో “నాగింగ్” కిందకి వస్తుంది. యాడ్‌ని యాడ్‌లా కనబడకుండా వేషం వేయించడం, లేని తొందర పుట్టించడం కూడా ఆ లిస్ట్‌లో ఉన్నాయి. ఆ జాబితా చదివితే ఒకటి అర్థమవుతుంది. ఇవన్నీ “జరిగే” సంగతులుగా రాయలేదు, కంపెనీలు “చేసే” పనులుగా రాశారు. చట్టం రాసేవాళ్లు క్రియ సరిగ్గా వాడారు. రివ్యూ రాసేవాళ్లు కూడా వాడాలి.

రివ్యూల్లో ఏం మారాలి?

నేను అడిగేది పెద్ద పనేం కాదు. “యాడ్స్ పాప్ అప్ అవుతుంటాయి” అన్న ఒక్క వాక్యం స్థానంలో నాలుగు విషయాలు రాయాలి.

ఎవరు పంపారు: ఫోన్‌తో వచ్చిన బ్రౌజరా, థీమ్ స్టోరా, యాప్ స్టోరా, లేక మనం వేసుకున్న యాపా? ఫోన్‌తో వచ్చినవైతే అది కంపెనీ లెక్కలోకి రావాలి. మనం వేసుకున్న యాప్ చేసిన పనికి ఫోన్‌ని తిట్టడం కూడా అన్యాయమే.

ఎప్పుడు: లాక్ స్క్రీన్ మీదా, కాల్ అయ్యాకా, యాప్ ఇన్‌స్టాల్ చేస్తున్నప్పుడా? సిమ్ వేసి వారం రోజులు వాడితే రోజుకి ఎన్ని వచ్చాయి? బ్యాటరీ టెస్ట్‌కి పెట్టే ఓపికలో పదో వంతు చాలు.

ఎలా ఆపాలి: ఒక్క స్విచ్‌తో ఆగుతుందా, పది యాప్‌లలోకి వెళ్లి పది చోట్ల ఆపాలా, అసలు ఆపే వీలే లేదా? ఎన్ని స్టెప్స్ పడుతుందో అంకె రాయండి.

ఆపాక మళ్లీ వచ్చిందా: సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ తర్వాత సెట్టింగ్ అలాగే ఉందా? మూడు నెలల తర్వాత రాసే లాంగ్ టర్మ్ రివ్యూలో ఇది చెప్తే కొనేవాడికి నిజంగా పనికొస్తుంది.

ధర తగ్గించడానికి యాడ్స్ పెడుతున్నాం అని కంపెనీలు అంటాయి. సరే, అది ఒక బేరం. పది వేల ఫోన్ కొనేవాడికి ఆ బేరం నచ్చొచ్చు కూడా. కానీ బేరం అన్నాక రెండు వైపులా ఏముందో తెలియాలి. ఎన్ని ఎంఏహెచ్ అని డబ్బా మీద రాస్తారు, ఎన్ని యాడ్స్ అని రాయరు. ఆ ఖాళీని నింపాల్సింది రివ్యూయే.

కామెంట్ పెట్టేటప్పుడు, ఫ్రెండ్‌కి ఫోన్ సజెస్ట్ చేసేటప్పుడు, టికెట్ రాసేటప్పుడు మనం కూడా అదే పాటిద్దాం. “ఏదో పాప్ అప్ అవుతోంది” అని వదిలేయకుండా “ఫలానా యాప్ ఫలానాది పాప్ అప్ చేస్తోంది” అందాం. ఇంగ్లీష్ గ్రామర్ పుస్తకం ఒప్పుకోకపోతే పోనీ. తెలుగు హాయిగా ఒప్పుకుంటుంది.